ఐదు క్యాన్ల నీళ్లు, ఒక్క పలుకు సీసం

(తిరుపతిలో డిగ్రీ, పీజీ కెమిస్ట్రీ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని ఉన్నది ఉన్నట్టు రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడతా ఉందా? ఉందా, సరే. భోజనాలయ్యాక నా వంతు పెట్టినారు, పులిహోర, పెరుగన్నం తిన్నాక కెమిస్ట్రీ వినడం ఎంత కష్టమో నాకూ తెలుసు, నేనూ ఒకప్పుడు అక్కడే కూర్చుని నిద్రపోయినదాన్నే. అందుకని స్లైడ్లు తీసేసినా. నీళ్లలో కనపడనంత తక్కువగా ఉండే సీసంలాంటి లోహాల్ని నానో కాంపోజిట్లతో పట్టి ఎట్లా కొలుస్తామో మాట్లాడుకుందాం అంతే.

ఇదిగో ఇక్కడ స్టేజి పక్కన నీళ్ల క్యాన్ ఉంది కదా, 20 లీటర్లది. ఇట్లాంటివి ఐదు పెట్టుకోండి, 100 లీటర్లు. దాంట్లో ఒక్క మిల్లీగ్రాము సీసం వేసి కలపండి, ఒక్క మిల్లీగ్రాము అంటే సుమారుగా చిన్న చక్కెర పలుకంత బరువు. అంతే. ఇప్పుడు ఆ నీళ్లు సరిగ్గా గీత మీద ఉన్నాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, అంటే 10 మైక్రోగ్రాములు, మేం ల్యాబుల్లో 10 పీపీబీ అంటాం. ఇంకో పలుకు పడితే ఆ ఐదు క్యాన్లూ తాగడానికి పనికిరావు. రుచి మారదు, రంగు మారదు, వాసన రాదు. కాడ్మియానికైతే ఇంకా తక్కువ, 3 పీపీబీ, పాదరసానికి ఒకటే ఒకటి.

పీపీబీ అంటే వంద కోట్లలో ఒకటి. మన దేశంలో 140 కోట్ల మంది ఉన్నామనుకుంటే 10 పీపీబీ అంటే దేశం మొత్తం మీద 14 మంది. కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా ఆ 14 మంది యాడున్నారో వెతికి పట్టుకుని, 14 మందే, 15 మంది కాదు అని సంతకం పెట్టి ఇవ్వాలి. నా ఉద్యోగం అదన్నమాట.

ఇది ఊరికే లెక్క కోసం చెప్పే సంగతి కాదు. 2020 డిసెంబర్లో ఏలూరులో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోయినారు. ఎయిమ్స్ వాళ్లు రక్తం శాంపిళ్లలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, టీవీల్లో అంతా సీసం సీసం. ఆ తర్వాత నీళ్లూ కూరగాయలూ అన్నీ చూసినాక పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించినారు. నేను ఇక్కడ ఎవరినీ తప్పు పట్టట్లేదు. నేను చెప్పేది ఒకటే, అట్లాంటి రోజున ఒక అంకె బయటికి వచ్చిందంటే దాని వెనకాల ఊరు ఊరంతా పరిగెత్తుతుంది, కాబట్టి ఆ అంకె ఎట్లా వచ్చిందని అడిగే అలవాటు మనకుండాల.

సరే, ఎట్లా కొలుస్తాం? మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఎక్కువగా ఉండేది ఫ్లేమ్ ఏఏఎస్, అటామిక్ అబ్జార్ప్షన్. 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ అనే ఆయన దీన్ని విశ్లేషణకి పనికొచ్చేట్టు చేసినాడు. సూత్రం సులువే, వెల్డింగ్ షాపులో వాడే అసిటిలీనే, దాన్ని గాలితో కలిపి మండిస్తే సుమారు 2300 డిగ్రీల మంట వస్తుంది, అందులోకి నీళ్లు పొగమంచులాగా చల్లితే లోహం అణువులుగా కాదు, విడి పరమాణువులుగా అవుతుంది, అప్పుడు సీసానికి సీసం దీపమే వెలిగించి ఆ కాంతి ఎంత మింగిందో చూస్తాం. బాగుంది కదా. చిక్కేందంటే ఈ మంటలో సీసం 10, 20 పీపీబీకి కింద ఉంటే మిషన్‌కి కనపడదు. అంటే ప్రమాణం ఎక్కడ గీత గీసిందో సరిగ్గా అక్కడే మన మిషన్ కళ్లు మసకబారుతాయి. "నాట్ డిటెక్టెడ్" అని రిపోర్టు వస్తే సీసం లేదని కాదు, మాకు కనపడలేదని.

అయితే పెద్ద మిషన్ కొనుక్కోవచ్చు కదా మేడం అంటారు. ఐసీపీ-ఎంఎస్ ఉంది, ఆర్గాన్ ప్లాస్మా, వేల డిగ్రీలు, పరమాణువుల్ని వాటి బరువుని బట్టి గుర్తుపడుతుంది, పీపీబీ కాదు దాని కింద పీపీటీ, అంటే లక్ష కోట్లలో ఒకటి, అది కూడా చూస్తుంది. కోటి రూపాయలు, దాటి కూడా. కొన్నాక ఆర్గాన్ ఎవరిస్తారు, ఏసీ ఎవరు పెడతారు, సర్వీస్ ఇంజనీర్ చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో ఎప్పుడొస్తాడు, అవన్నీ వేరే కథ. పైగా అంత ఖరీదైన మిషనూ మోసపోతుంది. ఆర్సెనిక్ బరువు 75. ప్లాస్మాలో ఆర్గాన్ 40, ఉప్పునీళ్లలో క్లోరిన్ 35, రెండూ చెయ్యి చెయ్యి పట్టుకుంటే ఎంత? 75! ఉప్పు బోరు నీళ్లు పోస్తే లేని ఆర్సెనిక్ ఉన్నట్టు చూపిస్తుంది. దానికీ విరుగుడు ఉంది, కొలిజన్ సెల్ అని, కానీ అది వాడాలని తెలిసినోడు మిషన్ దగ్గర కూర్చోవాల కదా.

కాబట్టి ఇంకో దారి. కనపడనంత తక్కువ ఉంది, కనపడేంతగా చేద్దాం. చిక్కబరుద్దాం. ఎట్లా? మరగబెడితే? పాలు మరగబెట్టి కోవా చేసినట్టు అర లీటరు నీళ్లు మరగబెట్టి 5 మిల్లీలీటర్లు చేస్తే సీసం 100 రెట్లు చిక్కబడుతుంది, నిజమే, కానీ దాంతోపాటు ఉప్పూ, సున్నమూ, మెగ్నీషియమూ అన్నీ 100 రెట్లు చిక్కబడతాయి. మన బోర్ల నీళ్లు కాచిన గిన్నె అడుగు చూసినారా ఎప్పుడైనా, తెల్లగా పొర కడుతుంది, అట్లాంటిదాన్ని మిషన్‌లో పోస్తే బర్నర్ మూసుకుపోతుంది. కాబట్టి అన్నీ చిక్కబడకూడదు, నాకు కావాల్సింది ఒక్కటే రావాల. వల వేసి ఆ ఒక్క చేపనే పట్టాల. ఈ వల పేరే సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్, ఆ వల నేసే నూలే ఈరోజు నా టాపిక్, నానో కాంపోజిట్, అంటే రెండు మూడు పదార్థాలు కలిపి చేసిన మహా సన్నటి పొడి.

నానో ఎందుకు అంటే, స్థలం కోసం. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఒక ఇనుప ఆక్సైడ్ ముక్క తీసుకోండి, పాచిక అనుకోండి. దాని ఒంటి మీద ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, ఒక పోస్టల్ స్టాంపంత. అదే ముక్కని 10 నానోమీటర్ల, అంటే సెంటీమీటరులో పది లక్షలో వంతు ఉండే ముక్కలుగా తరిగినామనుకోండి, లెక్కేయండి, ఉపరితలం పది లక్షల రెట్లు పెరిగి 600 చదరపు మీటర్లు అవుతుంది. సెంట్లలో చెప్తే దాదాపు 15 సెంట్లు. తిరుపతిలో 15 సెంట్ల స్థలం ఎంతో మీ నాన్నల్ని అడగండి, అంకణాల్లో కూడా లెక్కేసి చెప్తారు. (నవ్వులు) ఐదు గ్రాముల పొడిలో అంత స్థలం ఉంది, అంత స్థలంలోనూ సీసం వచ్చి కూర్చోవచ్చు.

కానీ అంత సన్నటి పొడిని నీళ్లలో వేసినాక మళ్లీ బయటికి ఎట్లా తీస్తావు? వడపోస్తే ఫిల్టర్ పేపర్లోంచి జారిపోతుంది, లేదంటే ఫిల్టరే మూసుకుపోతుంది. అందుకే అయస్కాంతం. మాగ్నెటైట్, ఎఫ్ఈ3ఓ4. ఫెర్రస్ ఒక వంతు, ఫెర్రిక్ రెండు వంతులు కలిపి అమోనియా పోస్తే నల్లటి ముద్దగా పడుతుంది, మీ బీఎస్సీ ల్యాబులోనే చేయొచ్చు, గాలి తగలకుండా నైట్రోజన్ పెడితే ఇంకా మంచిది. దీన్ని నీళ్లలో వేసి బీకరు పక్కన అయస్కాంతం పెడితే ఒకట్రెండు నిమిషాల్లో నల్లటి నీళ్లు తేటగా అయిపోయి పొడంతా ఒక గోడకి అతుక్కుంటుంది, మొదటిసారి చూసిన పిల్లలు ఫోన్లు తీసి వీడియోలు తీసుకుంటారు, నేనూ తీసుకున్నా. ఇంత చిన్న కణాలకి ఇంకో గుణం ఉంది, అయస్కాంతం తీసేస్తే ఇవి అయస్కాంతాలుగా మిగలవు, ఒకదానికొకటి అంటుకోకుండా మళ్లీ నీళ్లలో విడిపోతాయి. సూపర్ పారామాగ్నెటిజం అంటారు. 1999లో చెక్ శాస్త్రవేత్తలు మాగ్నెటిక్ సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్ అని పేరు పెట్టి దారి వేసినారు, 2006లో అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్లు 12 నానోమీటర్ల కణాలని కూడా చిన్న అయస్కాంతంతో లాగి నీళ్లలో ఆర్సెనిక్ తీసి చూపించినారు, అప్పటిదాకా అంత చిన్నవాటిని లాగాలంటే ఎంత పెద్ద అయస్కాంతం కావాల్నో అనుకునేవాళ్లు.

మరి మాగ్నెటైట్ ఒక్కటే చాలు కదా, కాంపోజిట్ ఎందుకు? చాలదు. ఒట్టి మాగ్నెటైట్ యాసిడ్ తగిలితే కరిగిపోతుంది, గాలికి ఆక్సీకరణ అవుతుంది, ఉండకట్టుకుంటుంది, పైగా ఎవర్ని పట్టుకోవాల్నో దానికి తెలీదు. మీకు అర్థమయ్యేట్టు చెప్తా. మన చిత్తూరు తోతాపురి ఉంది కదా, బెంగళూరా మామిడి. లోపల టెంక, చుట్టూ గుజ్జు, పైన తోలు. టెంక అంటే మాగ్నెటైట్, లాగడానికి. గుజ్జు అంటే సిలికా పొర, ఇసకలో ఉండేదే, యాసిడ్ నుంచి టెంకని కాపాడుతుంది. తోలు మీద కొక్కేలు నాటుతాం, నైట్రోజన్ ఉండే అమైన్ కొక్కేలు, గంధకం ఉండే థయాల్ కొక్కేలు, ఏ లోహం కావాలో దానికి తగ్గ కొక్కెం. కొందరు సిలికా బదులు గ్రాఫీన్ ఆక్సైడ్ వేస్తారు, కొందరు పాలీపైరోల్, కొందరు కైటోసాన్. కైటోసాన్ అంటే రొయ్య పెంకుల్లోంచి తీసేది, నెల్లూరు వాళ్లకి కొదవేం లేదు.

ఈ కొక్కేల సంగతి నాకు చాలా ఇష్టం, కొంచెం ఆగుతా ఇక్కడ. మీలో శ్రీకాళహస్తి వాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. ఆ అమ్మాయి. కలంకారీ చూసే ఉంటావు. బట్టని ముందు కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలు రంగు పాకకుండా. కరక్కాయ ఎందుకు? తర్వాత పాత ఇనుప ముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి గీత గీస్తారు. గీసేటప్పుడు ఆ నీళ్లు అంత నలుపుగా ఉండవు, కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లగా తిరుగుతుంది. అక్కడ జరిగింది ఏంది? కరక్కాయలో టానిన్ ఉంది, దానికి పక్కపక్కన రెండు మూడు ఓహెచ్ గుంపులు ఉంటాయి, అవి ఇనుము అయాన్‌ని పీత రెండు కొండిలతో పట్టినట్టు పట్టేస్తాయి. కీలేషన్! నూలు బట్ట మీద టానిన్ కొక్కేలు నాటి, ద్రావణంలోంచి ఇనుముని పట్టి, రంగుగా చూపించడం. మా పరిభాషలో చెప్తే ఆధారం, లిగాండ్ అంటే లోహాన్ని పట్టే కొక్కెం, రంగుతో గుర్తింపు. స్వర్ణముఖి ఒడ్డున ఆ పని చేసిన చేతులకి లిగాండ్ అనే మాట అక్కర్లేకపోయింది. ఇప్పుడు టానిన్లని మాగ్నెటైట్ మీద అంటించి సోర్బెంట్లు, అంటే లోహాన్ని పట్టే పొడులు చేస్తున్నారు, ఆ పేపర్లు చదివినప్పుడల్లా నాకు ఆ కరక్కాయ వాసనే గుర్తొస్తుంది.

ఏ కొక్కేనికి ఎవరు పడతారు? 1963లో పియర్సన్ అనే కెమిస్ట్ చెప్పినాడు, గట్టివాళ్లు గట్టివాళ్లతో, మెత్తనివాళ్లు మెత్తనివాళ్లతో. ఎలక్ట్రాన్ల మబ్బు సులువుగా సాగేది మెత్తనిది, సాగనిది గట్టిది. మీ సిలబస్‌లో ఉంది, పరీక్ష కోసం చదివి మర్చిపోయి ఉంటారు. పాదరసం మెత్తనిది, గంధకం మెత్తనిది, అందుకే థయాల్ కొక్కెం వేస్తే పాదరసం వదలకుండా పడుతుంది. కాల్షియం గట్టిది, దానికి గంధకం అంటే ఇష్టం లేదు. ఇదే మనకి కావాల్సింది. ఎందుకంటే మన బోరు నీళ్లలో కాల్షియం లీటరుకి 100 మిల్లీగ్రాములు ఉండటం విడ్డూరమేం కాదు. సీసం 10 మైక్రోగ్రాములు. అంటే ఒక వంతు సీసానికి పదివేల వంతుల కాల్షియం. పదివేల మందిలో నీ చుట్టం ఒక్కడే, వాణ్ణి మాత్రమే లోపలికి రానివ్వాల.

ఇక్కడే నాకు కొంచెం కోపం వస్తుంది, చెప్పేస్తా. ఈ రంగంలో పేపర్లు కుప్పలు కుప్పలుగా వస్తా ఉన్నాయి, వాటిలో చాలావాటికి మొదటి వాక్యమే మా పదార్థం గ్రాముకి 300 మిల్లీగ్రాముల సీసం పట్టింది అని. ఎందులో పట్టింది నాయనా? డిస్టిల్డ్ వాటర్లో, సీసం ఉప్పు తానే కలిపి! నేను కొలవబోయే అర లీటరు నీళ్లలో సీసం మహా అయితే ఐదు మైక్రోగ్రాములు. ఇద్దరు చుట్టాలు వస్తారని కళ్యాణ మండపం బుక్ చేసినట్టుంది. నాకు మండపం సైజు వద్దు, గేటు దగ్గర ఎవర్ని ఆపుతారో చెప్పండి. మీరు ప్రాజెక్టు చేసేటప్పుడు మీ ఇంటి బోరు నీళ్లు ఒక బాటిల్ తెచ్చి దాంట్లో పని చేస్తుందో లేదో మొదటి వారమే చూసుకోండి, చివరి వారం కాదు.

పని మామూలుగా ఇట్లా నడుస్తుంది. అర లీటరు నీళ్లు, పీహెచ్ 6 దగ్గరికి తెస్తాం. పీహెచ్ మరీ తక్కువుంటే హైడ్రోజన్ అయాన్లే కొక్కేలన్నీ ఆక్రమిస్తాయి, ఎక్కువైతే సీసం హైడ్రాక్సైడ్‌గా కింద పడిపోతుంది, అప్పుడు వల పట్టిందో గిన్నె అడుగు పట్టిందో తెలీదు. 50 మిల్లీగ్రాముల పొడి వేస్తాం, పది పదిహేను నిమిషాలు ఊపుతాం, అయస్కాంతం పెట్టి నీళ్లు వంచేస్తాం. ఇప్పుడు పొడి మీద 5 మిల్లీలీటర్ల నైట్రిక్ యాసిడ్, పలచటిదే, పోస్తే సీసం కొక్కేలు వదిలి అందులోకి వస్తుంది. మొదట్లో 4 పీపీబీ ఉందనుకోండి, ఇప్పుడు 400. ఇంతకుముందు గుడ్డిగా ఉన్న అదే పాత ఏఏఎస్ ఇప్పుడు హాయిగా చదువుతుంది.

క్రోమియం దగ్గరికి వస్తే ఇంకా సరదాగా ఉంటుంది. కుప్పం పక్కగా పారే పాలారు కిందికి తమిళనాడులోకి పోయాక వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట, అంతా తోళ్ల పరిశ్రమ. క్రోమియం రెండు రూపాల్లో దొరుకుతుంది, మూడు, ఆరు అంటాం. తోలు పదును చేసేది క్రోమియం మూడుతో, అది అంత ప్రమాదం కాదు. క్రోమియం ఆరు మాత్రం క్యాన్సర్ కారకం. మొత్తం క్రోమియం ఇంత అని చెప్తే సగం సంగతే చెప్పినట్టు. నీళ్లలో మూడు ధనావేశంతో ఉంటుంది, ఆరు ఆక్సిజన్లని తగిలించుకుని రుణావేశంతో ఉంటుంది. అమైన్ కొక్కేలని పీహెచ్ 2, 3 దగ్గర పెడితే అవి ప్రోటాన్ పట్టుకుని ధనావేశం అవుతాయి, అప్పుడు ఆరు ఒక్కటే వచ్చి పడుతుంది, మూడు తప్పించుకుని పోతుంది. ఒకే పొడి, పీహెచ్ మారిస్తే ఇద్దర్నీ విడదీస్తుంది. ఈ పని ఒట్టి మంటకి చేతకాదు, అది క్రోమియం అంతా ఒకటే అంటుంది.

వల సరే, అసలు శత్రువు వల దగ్గర ఉండడు, మన చేతుల్లోనే ఉంటాడు. మా ల్యాబులో ఒకసారి స్వర్ణముఖి నీళ్లలో జింక్ విపరీతంగా వచ్చింది. పిల్లలు ఉత్సాహంగా గ్రాఫులు కూడా గీసేసినారు. బ్లాంక్ చూసినారా అన్నా. బ్లాంక్ అంటే నది నీళ్లు లేకుండా ఒట్టి శుద్ధమైన నీళ్లతో మొత్తం తతంగం చేయడం. చేసినారు, దాంట్లోనూ జింక్. అంటే జింక్ నదిది కాదు. నీళ్లు మార్చినాం, యాసిడ్ మార్చినాం, సీసాలు మార్చినాం, మూడు వారాలు పోయినాయి. ఆఖరికి చూస్తే చేతి గ్లౌజులు! పౌడర్ వేసిన గ్లౌజులు, ఆ పౌడర్లోనే జింక్. శుభ్రం కోసం వేసుకున్న తొడుగే మురికి. మీకు ఊరట కోసం చెప్తా, ఇంతకంటే పెద్దాయనకీ ఇదే జరిగింది. క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లో సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చినాడు, ఆ మనిషి ఏళ్ల తరబడి తన ల్యాబు గాల్లో, గోడల్లో, గాజులో ఉన్న సీసంతోనే కుస్తీ పట్టినాడు. ఆ సీసం యాడ్నించి వస్తా ఉందని వెతుకుతా పోతే పెట్రోలు దగ్గర తేలింది. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగిపోయింది.

తీసేయడం వేరు, కొలవడం వేరు, అది కూడా చెప్పేసి ఆపేస్తా. ఐఐటీ మద్రాస్ ప్రదీప్ గారి బృందం అమృత్ అని ఆర్సెనిక్ తీసే ఫిల్టర్లు చేసినారు, కైటోసాన్‌తో కట్టిన నానో కాంపోజిట్ గుళికలు నీళ్లని శుద్ధి చేస్తాయని 2013లో పేపర్ వేసినారు, 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ వల మురికిని పట్టుకుని ఉండిపోతే చాలు. నా వల పట్టాల, మళ్లీ మొత్తం వదలాల. 100 పట్టి 70 వదిలితే ఫిల్టర్‌కి బాధ లేదు, నా అంకె అబద్ధం. అందుకే శాంపిల్లో మనమే తెలిసినంత సీసం కలిపి తిరిగి ఎంత వచ్చిందో చూస్తాం, స్పైక్ రికవరీ. అది లేని రిపోర్టు మీరు నమ్మొద్దు, నాదైనా సరే.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేడం, మా ఇంట్లో టీడీఎస్ మీటర్ ఉంది, నీళ్లలో పెడితే 60 చూపిస్తుంది. అంటే సీసం లేనట్టే కదా?)

కాదు నాన్నా. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపి. ఆ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందని, దాన్ని పీపీఎం, అంటే పది లక్షల్లో ఒకటి, దాంట్లోకి మార్చి చూపిస్తుంది. నీ 60 పీపీఎం అంటే 60 వేల పీపీబీ. అందులో సీసం 10 ఉన్నా 50 ఉన్నా ఆ అంకె కదలదు. ఉప్పెక్కువుందో లేదో చూసుకోవడానికి మంచిదే, దాన్ని సీసం గురించి అడగడం అంటే తక్కెడ పెట్టి జ్వరం చూడటం.

(ఇంకొకరు: ఆ పొడి మళ్లీ వాడొచ్చా మేడం? వాడినాక పారేస్తే అదే కాలుష్యం కాదా?)

మంచి ప్రశ్న. వాడొచ్చు, బాగా చేసినదైతే పదిసార్లు దాకా, తర్వాత కొక్కేలు రాలిపోతా వస్తాయి, రికవరీ పడిపోతుంది. పారేయడం సింకులో కాదు. యాసిడ్ కడిగిన నీళ్లూ, పొడీ వేరే డబ్బాలో ప్రమాదకర వ్యర్థం కింద పోవాల. అన్ని ల్యాబుల్లో అట్లా జరుగుతుందా అంటే... తర్వాతి ప్రశ్న. (నవ్వులు)

(ఇంకో విద్యార్థిని: మా ఇంట్లో పాత ఇత్తడి కుళాయి ఉంది మేడం. నీళ్లు తెస్తే చూస్తారా?)

తీసుకురామ్మా. పాత ఇత్తడిలో సీసం కలిపి ఉండొచ్చు, అది రాత్రంతా నిలిచిన నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి ఒక సీసా కాదు, రెండు. పొద్దున్నే ఎవరూ కుళాయి తిప్పకముందు మొదటి నీళ్లు ఒకదాంట్లో, రెండు మూడు నిమిషాలు వదిలేసినాక రెండోదాంట్లో. కూల్‌డ్రింక్ సీసాలు వద్దు, ముందురోజు వచ్చి మా ల్యాబులో యాసిడ్‌తో కడిగినవి రెండు తీసుకుపో. మూత లోపలి వైపు వేలు పెట్టొద్దు. ఒకదాని మీద 'ముందు', ఇంకోదాని మీద 'తర్వాత' అని మార్కర్‌తో రాయి, పెన్నుతో రాస్తే దారిలోనే చెరిగిపోతుంది, అప్పుడు ఏది ఏదో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను.